పొడిబారిన జుట్టుకి పట్టిన మడ్డి ఇంట్లోనే వదిలించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో నాదొక చిన్న పార్లర్. రెండు కుర్చీలు, ఒక వాష్ బేసిన్, గోడకి ఒక నిలువుటద్దం. ‘జుట్టు ఎండుగడ్డిలా అయిపోయింది, ఏదైనా మంచి సీరం చెప్పండి’ అంటూ వచ్చేవాళ్ళే ఎక్కువ. జుట్టు పట్టుకుని చూస్తే చాలాసార్లు తక్కువైనదేమీ ఉండదు, ఎక్కువైనదే ఉంటుంది. సీరం మీద క్రీము, క్రీము మీద నూనె, నూనె మీద రోడ్డు దుమ్ము. ఆ పైన ఇంకో సీసా కొని రాస్తే పొర మందమవుతుంది తప్ప జుట్టు మెత్తబడదు. వాళ్ళు అడిగేవీ, నేను చెప్పేవీ ఇక్కడ రాసిపెడుతున్నాను.

నా జుట్టు నిజంగా పొడిబారిందా, మడ్డి పట్టిందా? ఎలా తెలుస్తుంది?

తలస్నానానికి ముందు ఒక పాయ తీసుకుని దాని మీద నాలుగు చుక్కల నీళ్ళు చిలకరించండి. నిజంగా పొడిబారిన జుట్టు ఆ నీళ్ళని గుటుక్కున తాగేస్తుంది. మడ్డి పట్టిన జుట్టు మీద నీళ్ళు చేమాకు మీద బొట్టులా నిలబడి, జారిపోతాయి. ఇంకో గుర్తు: వేలిగోరుతో ఒక వెంట్రుకని మొదలు నుంచి కిందికి గీరితే గోటిలో తెల్లగానో బూడిద రంగులోనో మైనంలాంటిది చేరుతుంది. దువ్వెన పళ్ళ మొదట్లో కూడా అదే కనిపిస్తుంది. మాడు దగ్గర జుట్టు అతుక్కుపోయి, చివర్లు మాత్రం చీపురు పుల్లల్లా ఉన్నా అనుమానించండి. నూనె రాస్తే ఇంకకుండా పైపైనే తేలుతుంటే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

ఒక మాట. ఈ రెండూ కలిసి ఉండడమే మామూలు. అందుకే వదిలించే పద్ధతి కూడా మెత్తనిదై ఉండాలి.

ఆ మడ్డిలో అసలేముంటుంది?

అందరి తలలోనూ ఒకటే ఉండదు. ఏ విరుగుడు పనిచేస్తుందో, ఏది చెయ్యదో దీన్నిబట్టే తేలుతుంది కాబట్టి ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

సీరం, స్మూత్ క్రీము, చాలా కండిషనర్లలో ఉండేది సిలికోన్. సీసా వెనక డైమెథికోన్, అమోడైమెథికోన్ అని ‘కోన్’తో ముగిసే పేర్లు కనిపిస్తాయి. ఇవి వెంట్రుక చుట్టూ ప్లాస్టిక్ కవరు తొడిగినట్టు నున్నటి పొర వేస్తాయి. రాసిన రోజు మెరుస్తుంది. వారాల తరబడి సరిగ్గా కడక్కపోతే పొర మీద పొర చేరి నీళ్ళని లోపలికి పోనివ్వదు. వీటిలో మామూలు నీళ్ళకి వదిలేది దాదాపు ఏదీ లేదు. పేరు ముందు ‘పెగ్’ అని ఉన్నవి కొంత నయం, నీళ్ళలో కరుగుతాయి.

జెల్, వ్యాక్స్, హెయిర్ స్ప్రే వేరే జాతి. అవి జిగురులాంటివి. మూడోది మనకి బాగా తెలిసినదే, రోజూ రాసే నూనె మీద కూర్చున్న దుమ్ము. నాలుగోది సీసాలోంచి కాదు, బోరులోంచి వస్తుంది: నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం.

పొడి జుట్టుకే ఇది ఎక్కువగా ఎందుకు పడుతుంది?

పొడిగా ఉందని ఎక్కువ రాస్తాం కాబట్టి. అంతకన్నా లోపలి కారణం ఇంకొకటి ఉంది. దెబ్బతిన్న వెంట్రుక మీద రుణావేశం పెరుగుతుంది, కండిషనర్‌లోని పదార్థాలకి ధనావేశం ఉంటుంది. అందుకని అవి ఎక్కడ దెబ్బతింటే అక్కడే గట్టిగా అతుక్కుంటాయి. పైగా జుట్టు నెలకి సుమారు సెంటీమీటరు, మహా అయితే ఇంకో ముక్క పెరుగుతుంది. నడుం దాకా వేలాడే జడ చివరి భాగం వయసు ఐదారేళ్ళు. అన్నేళ్ళ ఎండ, దువ్వెన, డ్రైయర్, క్రీములు అన్నీ చూసిన ముక్క అది.

కుంకుడుకాయ పొడి జుట్టుని ఇంకా ఎండబెట్టేయదా?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. చిక్కగా చేసి, వారానికి రెండుసార్లు చివర్లకి పట్టించి రుద్దితే ఎండబెడుతుంది. పల్చగా, నెలకి ఒకట్రెండుసార్లు వాడితే మన ఇళ్ళల్లో దొరికేవాటిలో మడ్డి వదలగొట్టే పని సరిగ్గా చేసేది ఇదొక్కటే అంటాను. కుంకుడు తొక్కలో సాపోనిన్లు ఉంటాయి. ఒక చివర నూనెని, ఇంకో చివర నీళ్ళని పట్టుకుని మడ్డిని లాగేసే గుణం వాటిది. షాంపూ చేసే పనీ ఇదే. నిమ్మకాయకీ, పెరుగుకీ ఈ గుణం లేదు.

చేసే విధానం మా నాయనమ్మది. భుజాల దాకా జుట్టుంటే ఏడెనిమిది కాయలు, నడుం దాకా ఉంటే పన్నెండు. పొత్రంతో ఒక్క దెబ్బ వేస్తే నల్ల గింజ బయటికి దూకుతుంది, అది తీసెయ్యాలి. తొక్కల్ని రాత్రి అర లీటరు వేడి నీళ్ళలో వెయ్యండి. పొద్దున్నకి నీళ్ళు పల్చటి టీ రంగులోకి మారతాయి. చేత్తో బాగా పిసికి, పల్చటి పాత గుడ్డలో వడకట్టండి. స్టీలు జల్లెడ చాలదు. సన్నటి తొక్క ముక్కలు జారి జుట్టులో ఇరుక్కుంటే ఆరాక చుండ్రులా కనిపిస్తాయి. వడకట్టిన పులుసులో మళ్ళీ అంతే నీళ్ళు కలపండి.

ముందు తల మొత్తం గోరువెచ్చటి నీళ్ళతో తడపండి. పులుసు మాడు మీద పోసి వేళ్ళ కొసలతో రుద్దండి. చివర్లని రుద్దకండి. పైనుంచి జారే నురుగు వాటి మీదుగా వెళ్తే చాలు, అరచేతుల మధ్య ఒత్తుతూ కిందికి జారవిడవండి. మొదటిసారి పోసినప్పుడు నురుగు రాదు, మడ్డి మింగేస్తుంది. రెండోసారి వస్తుంది. రెండో విడత కూడా నురుగు పట్టకుండా జుట్టు జారుడుగానే ఉంటే అది బాగా ముదిరిన సిలికోన్ పొర. అప్పుడు పంతానికి పోకుండా, సల్ఫేట్ ఉన్న మామూలు షాంపూతో ఒక్కసారి కడిగేసి, తర్వాత ఇంటి పద్ధతిలోకి రండి. ఇంటి చిట్కాల గురించి రాస్తూ షాంపూ చెబుతున్నానని కొందరికి కోపం రావచ్చు. వచ్చినా ఫర్వాలేదు.

కాయలు ఎక్కడ కొనాలంటే, కొత్తవి, ముడతలు పడినా జిగురుగా ఉన్నవి చూసుకోండి. సీతంపేట వైపు సంతల నుంచి వచ్చే సరుకు నాకు నచ్చుతుంది. జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణాల్లో కూడా కుంకుడు, శీకాయ దొరుకుతాయి. పొడి ప్యాకెట్లు మాత్రం వద్దు. ఆ పొడి జుట్టులోంచి పోదు.

శీకాయ సబ్బు వాడితే సరిపోదా?

సరిపోదు. కాయ వేరు, కాయ పేరు పెట్టుకున్న సబ్బు వేరు. సబ్బు క్షారం. బోరు నీళ్ళతో కలిస్తే తెల్లటి తెట్టు కడుతుంది. బాత్రూమ్ బకెట్ అంచున చూసే ఉంటారు. అదే జుట్టు మీదా కడుతుంది. శీకాయ వాడాలనుకుంటే కాయల్నే కుంకుడుతో పాటు రెండు మూడు నానేయండి. పులుసు కాస్త నెమ్మదిస్తుంది.

నిమ్మరసం మంచిదా, వెనిగర్ మంచిదా? ఎంత కలపాలి?

మా జిల్లా బుడితిలో చేసే ఇత్తడి చెంబుని చింతపండుతో తోమితే ఏమవుతుంది? మకిలి పోయి చెంబు మెరుస్తుంది. జిడ్డు మాత్రం అలాగే ఉంటుంది, దానికి వేరే తోముకోవాలి. పులుపు జుట్టు మీద చేసేది కూడా అంతే. నీళ్ళ వల్ల పట్టిన ఖనిజాల తెట్టుని కరిగిస్తుంది, పైకి లేచిన వెంట్రుక పొలుసుల్ని అణిచి నున్నగా చేస్తుంది. సిలికోన్‌ని గానీ, నూనెని గానీ ఇది తియ్యదు. అందుకే ‘వెనిగర్ పోశాను, ఏమీ కాలేదు’ అన్నవాళ్ళని ముందు కుంకుడు పోసుకున్నారా అని అడుగుతాను.

కొలత: అర లీటరు నీళ్ళకి ఒక పెద్ద చెంచా వెనిగర్. లేదా ముప్పావు లీటరుకి అర చెక్క నిమ్మకాయ, గుజ్జు పడకుండా వడకట్టి. తల కడుక్కున్నాక చివర్లో పోసి, రెండు నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో కడిగెయ్యాలి. ఖరీదైన యాపిల్ వెనిగరే అక్కర్లేదు, వంటకి వాడే తెల్ల వెనిగర్ చాలు. గాఢమైన ఎసిటిక్ ఆసిడ్ సీసా జోలికి మాత్రం వెళ్ళొద్దు, చర్మం కాలిపోతుంది. మాడు మీద పుండ్లు, గీతలు ఉంటే ఏ పులుపూ వద్దు. నిమ్మరసం ఒంటి మీద ఉండగా ఎండలోకి వెళ్తే చర్మం మీద మచ్చలు పడతాయి, మెడ, చెవుల వెనక బాగా కడుక్కోండి.

చింతపండు పులుసే పోసుకోవచ్చా అని ఒకావిడ అడిగారు. పోసుకోవచ్చు, కానీ ఆ జిగురు కడుక్కోవడానికి మళ్ళీ కుంకుడు కావాలి. చెంబుకే ఉంచుదాం.

మాకు బోరు నీళ్ళే గతి. ఏం చెయ్యాలి?

మీ నీళ్ళ సంగతి మీ వంటింటికే బాగా తెలుసు. కందిపప్పు ఎంతసేపటికీ ఉడకట్లేదా? వాటర్ హీటర్ రాడ్ మీద తెల్లగా పెచ్చు కడుతోందా? అయితే జుట్టు మీద కూడా కడుతున్నట్టే.

నీళ్ళలో ఇలా ఖనిజాలు ఎక్కువగా ఉండడాన్నే కాఠిన్యం అంటారు. అది రెండు రకాలు. ఒకటి మరిగిస్తే పోతుంది. పది నిమిషాలు మరిగించి చల్లార్చితే అడుక్కి తెల్లటి పొడి దిగుతుంది, పైనున్న నీళ్ళు వంచుకుని వాడుకోవచ్చు. రెండో రకం మరిగించినా పోదు. ఇంత శ్రమ ఎందుకనుకుంటే ఒక దొంగ దారి చెబుతాను. స్నానం అంతా బోరు నీళ్ళతోనే కానిచ్చి, ఆఖరి రెండు చెంబులు తాగే నీళ్ళ టిన్నులోంచి తీసి పోసుకోండి. పులుపు నీళ్ళు కూడా వాటితోనే కలపండి. ఆ రెండు చెంబుల తేడా నెలలో తెలుస్తుంది. వానాకాలంలో పడ్డ మొదటి వాన వదిలేసి, తర్వాతి వాన నీళ్ళు పట్టుకున్నా చాలు.

బేకింగ్ సోడాతో ఒక్కసారికే మడ్డి పోతుందంటున్నారు?

పోతుంది. జుట్టు కూడా పోతుంది. ఇది నా అనుభవం. పార్లర్ పెట్టిన కొత్తల్లో ఎక్కడో చదివి, రెండు చెంచాల సోడా నీళ్ళలో కలిపి నా తల మీదే ప్రయోగం చేసుకున్నాను. తడిగా ఉన్నప్పుడు కీచుకీచుమంటుంటే ఎంత శుభ్రపడిందో అని మురిసిపోయాను. ఆరాక చూడాలి! దువ్వెన దిగలేదు. ఊరెళ్ళినప్పుడు నాయనమ్మ చూసి ‘ఏటే గుంటా, తలకేటి రాసినావు, చీపురుకట్టలాగున్నాది’ అంది. సోడా ద్రావణం పీహెచ్ (పులుపుకి తగ్గి, క్షారానికి పెరిగే అంకె) 8 దాటుతుంది. మాడు చర్మం సుమారు 5.5 దగ్గర ఉంటుంది, వెంట్రుకది అంతకన్నా తక్కువ. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి, పొలుసులు లేచి, ఒకదానితో ఒకటి రాసుకుని తెగుతుంది. పొడి జుట్టుకి అసలు వద్దు. బట్టల సోడా వాడేవాళ్ళు కూడా ఉన్నారని విన్నాను. దానికి జవాబు రాయను, దండం పెడతాను.

మడ్డి తియ్యాలంటే ముందు నూనె రాయడమేంటి? ఇంకా జిడ్డవదా?

జిడ్డుని జిడ్డే లాగుతుంది. చేతికి గ్రీజు అంటితే ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బు పెడతాం కదా. వ్యాక్స్, పాత నూనె, దుమ్ము కలిసిన మడ్డి కూడా అలాగే మెత్తబడుతుంది. పైగా కొబ్బరినూనెకి ఇంకో గుణం ఉంది. అందులోని లారిక్ ఆసిడ్ వెంట్రుక లోపలికి చొరబడుతుంది. తలస్నానంలో వెంట్రుక నుంచి పోయే ప్రొటీన్‌ని కొబ్బరినూనె తగ్గించిందనీ, మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చెయ్యలేకపోయాయనీ 2003లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. కొబ్బరి తోటల ఉద్దానం పక్కనున్న మనకి ఇది కొత్త సంగతి కాదు. 2018లో తిత్లీ తుపానుకి ఆ తోటలు నేలకొరిగినప్పుడు మా ఇంట్లో పుట్టింటి నూనె డబ్బా రావడం ఆగిపోయి, మొదటిసారి సీసా నూనె కొన్నాం.

స్నానానికి గంట ముందు, గోరువెచ్చగా, చివర్ల నుంచి పైకి రాయండి. రాత్రంతా ఉంచనక్కర్లేదు. కారేంత వద్దు, రెండు చెంచాలు చాలు. ఎక్కువ రాస్తే ఆ నూనె వదలగొట్టడానికే కుంకుడంతా అయిపోతుంది.

హెయిర్ స్ప్రే ఉన్నప్పుడు నూనె మరీ అవసరం. మొన్న మాఘమాసంలో నరసన్నపేట వైపు నుంచి ఒక పెళ్ళికూతురిని మర్నాడు మా దగ్గరికి తీసుకొచ్చారు. స్ప్రే కొట్టిన జడ అట్టముక్కలా గట్టిపడిపోయింది, వాళ్ళమ్మ దువ్వెన పట్టుకుని కుస్తీ పడుతోంది. ముందు దువ్వెన లాక్కున్నాను. పిన్నులు తీసి గిన్నెలో వేస్తుంటే ఆ పిల్లే లెక్కపెట్టింది, నలభై మూడు. పూల దారం ముక్కలు కత్తెరతో తీశాం. తర్వాత గోరువెచ్చటి నూనె అరచేతికి పూసుకుని పాయ పాయగా ఒత్తుకుంటూ పోయాను. స్ప్రేని నూనె కరిగించేయదు. వెంట్రుకకీ వెంట్రుకకీ మధ్య జారుడు ఇస్తుంది, చిక్కు వేళ్ళతోనే విడిపోతుంది. ముప్పావుగంట పట్టింది. కడిగాక బేసిన్‌లో తేలిన వెంట్రుకలు గుప్పెడు కూడా లేవు. అదే ఎండుగా దువ్వి ఉంటే జడలో సగం దువ్వెనకే వచ్చేది.

మెంతులు, మందారాకు, కలబంద, పెరుగు, గుడ్డు, తరవాణి... వీటిలో ఏది మడ్డి తీస్తుంది?

ఏదీ పెద్దగా తియ్యదు. ఇవి కడిగాక వాడుకునేవి. మెంతుల్లో, మందారాకులో ఉన్న జిగురు వెంట్రుకకి జారుడు ఇస్తుంది, పొడి జుట్టుకి కండిషనర్‌లా బాగుంటుంది. రెండు చెంచాల మెంతులు రాత్రి నానబెట్టి మెత్తగా రుబ్బి, వడకట్టి, కడిగిన జుట్టు చివర్లకి పదిహేను నిమిషాలు పట్టించండి. వడకట్టకుండా రాస్తే మెంతి నలకలు రెండు రోజులు రాలుతూనే ఉంటాయి, ఇంట్లో పోపు వాసన సరేసరి. మందారాకు నాకు ఇంకా ఇష్టం, చేత్తో నీళ్ళలో నలిపితేనే జిగురు దిగిపోతుంది, మిక్సీ కూడా అక్కర్లేదు. కలబంద కూడా ఫర్వాలేదు, పసుపు పచ్చటి సొన మాత్రం కారిపోనిచ్చి లోపలి గుజ్జే తీసుకోండి.

పెరుగు మడ్డి మీద రాస్తే ఇంకో పొరే. గుడ్డు రాసుకుని వేడి నీళ్ళు పోసుకున్న ఒకమ్మాయి తలలోంచి పొరటు ఏరాను, అంతకంటే చెప్పను. తరవాణి తాగడానికి బాగుంటుంది.

పెసరపిండి, ముల్తానీ మట్టి?

జిడ్డు పీలుస్తాయి, ఉన్న కాస్త తేమనీ పీల్చేస్తాయి. ఒంటికి నలుగు పెట్టుకోండి.

ఎన్నాళ్ళకి ఒకసారి చెయ్యాలి?

సీరం, క్రీము రోజూ రాసేవాళ్ళు పదిహేను రోజులకి ఒకసారి. ఎప్పుడో ఒకప్పుడు రాసేవాళ్ళు నెలకి ఒకసారి. నూనె తప్ప ఇంకేమీ రాయనివాళ్ళకి మామూలు తలంటే చాలు. చేమాకు పరీక్ష చెప్పాను కదా, నీళ్ళు జారకపోతే ఆ నెల వదిలెయ్యండి.

స్మూతనింగ్ చేయించుకున్నాను, రంగు వేసుకుంటాను. నాకు పనికొస్తుందా?

కెరటిన్, స్మూతనింగ్ చేయించుకున్న జుట్టుకి కుంకుడు, పులుపు రెండూ ఇప్పుడే వద్దు. వేలు పోసి వేయించుకున్న పూతని మీ చేతులతోనే తొందరగా వదిలించినట్టవుతుంది. రంగు వేసుకున్నవాళ్ళకి కూడా కుంకుడు, నిమ్మ రంగుని తగ్గిస్తాయి. రంగు వేసుకునే ముందు వారం చెయ్యండి, తర్వాత వారం కాదు.

గోరింటాకు సంగతి వేరు. అది వెంట్రుకలోని ప్రొటీన్‌కే అతుక్కునే రంగు, ఏ పులుసుకీ వదలదు. ప్రతి నెలా జుట్టంతటికీ పెడుతూ పోతే చివర్లు బిరుసెక్కుతాయి. కొత్తగా పెరిగిన మొదళ్ళకి మాత్రమే పెట్టుకోండి. ‘నల్ల హెన్నా’ ప్యాకెట్లలో పీపీడీ అనే రసాయనం కలిసి ఉండవచ్చు, కొందరికి మాడు వాచిపోయేంత అలర్జీ వస్తుంది. చెవి వెనక చుక్క పెట్టి రెండు రోజులు చూసుకోవాలి.

అన్నీ చేశాను, జుట్టు ఇంకా గరుగ్గానే ఉంది!

అది ఇన్నాళ్ళూ సిలికోన్ దాచిన జుట్టు, ఇప్పుడు బయటపడింది. మెరుపు చూసి బాగుందనుకున్నాం, లోపల చివర్లు చిట్లి ఉన్నాయి. రెండు మూడు తలస్నానాల వరకూ సీరం జోలికి పోకుండా మందారాకు జిగురుతో సరిపెట్టి చూడండి. చిట్లిన కొసని అతికించే చిట్కా ఏ వంటింట్లోనూ లేదు, రెండంగుళాలు కత్తిరించుకోవాల్సిందే. ఇది చెప్పగానే కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు.

తడి జుట్టుని తువ్వాలుతో కొట్టకండి, పాత నూలు చీర ముక్కతో ఒత్తండి. పొందూరులో ఖద్దరు నూలు వడికేవాళ్ళు పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ సన్నటి పళ్ళతో కొంచెం కొంచెంగా, పోగు తెగకుండా. చూసి వచ్చాక నా దువ్వెన పట్టే తీరు మారింది.

మాడు దురద, పొలుసులు రాలడం కూడా ఉన్నాయి. ఇదీ మడ్డేనా?

కాకపోవచ్చు. మడ్డి వెంట్రుకకి అంటుకుని ఉంటుంది, దురద పెద్దగా పెట్టదు. దురద, ఎర్రదనం, రసి, గుండ్రంగా జుట్టు ఊడడం ఉంటే చర్మవ్యాధుల డాక్టరుకి చూపించండి. పులుపులు పోసి చూద్దామనుకోవద్దు.

పిల్లలకి కూడా కుంకుడు పొయ్యొచ్చా?

మడ్డి కోసమైతే అక్కర్లేదు, వాళ్ళు సీరాలు రాసుకోరు కదా. పండగ తలంటుకి పోస్తే ఇంకా పల్చగా చేసి, తల వెనక్కి వంచి పొయ్యండి. కంట్లో పడితే బాగా మండుతుంది, వెంటనే చల్లటి మంచినీళ్ళతో కడగాలి, నలపనివ్వకూడదు. మా చిన్నప్పుడు భోగినాడు నాయనమ్మ మమ్మల్ని వరసగా పీటల మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరి నోట్లో ఒక ఉప్పు కల్లు పెట్టేది. ఉప్పు చప్పరిస్తుంటే కళ్ళు మండవని చెప్పేది. మండేవి. నోట్లో ఉప్పు పడిపోతుందని ఎవరం అరిచేవాళ్ళం కాదు, అంతే.